బొమ్మ బాగుంది సరే, దెబ్బ సంగతేంటి?

యాక్షన్ వీడియో గేముల విషయంలో మన ఇళ్ళలో రెండు పక్షాలు ఎప్పుడూ కత్తులు దూసుకునే ఉంటాయి. పెద్దల పక్షం ఏమంటుందో అందరికీ తెలుసు: అందులో ఏముంది, బటన్లు బాదడం, బొమ్మల్ని చంపడం, కళ్ళు పాడుచేసుకోవడం. ఆడేవాళ్ళ పక్షం, ముఖ్యంగా యూట్యూబ్‌లో రివ్యూలు చెప్పే కుర్రాళ్ళు, దానికి జవాబుగా మూడు సంగతులు చూపిస్తారు. గ్రాఫిక్స్ చూడండి, హాలీవుడ్ సినిమాలా ఉన్నాయి. కథ చూడండి, కన్నీళ్ళొస్తాయి. మ్యాప్ చూడండి, వంద గంటలాడినా తరగదు.

ఈ పక్షాలు రెండూ ఒకే తానులో ముక్కలు. ఆటలో అసలు జరిగే పని, అంటే కొట్టడం, తప్పుకోవడం, దూకడం, గురిపెట్టడం, దానికంటూ ఒక విలువ లేదని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. పెద్దలు ఆ పనిని తిడతారు. కుర్రాళ్ళు దాన్ని పక్కన పెట్టేసి, దాని చుట్టూ ఉన్న అలంకారాన్ని పొగిడి వాదన గెలుద్దామని చూస్తారు. నాకు రెండోవాళ్ళ మీదే ఎక్కువ కోపం. ఆడనివాడికి తెలియకపోవడంలో వింత లేదు. రోజూ ఆడేవాడు కూడా తన వేళ్ళకు తెలిసిన సంగతిని నోటితో చెప్పకపోవడమే వింత.

ముందు ఒక్క దెబ్బ సంగతి చూద్దాం. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కత్తి దూసే కదలికలో మొదట కొన్ని ఫ్రేములు చెయ్యి వెనక్కి వెళ్తుంది. తర్వాత కొద్ది ఫ్రేముల్లో మాత్రమే కత్తి నిజంగా నరుకుతుంది. ఆ పైన మనిషి మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఇంకొన్ని పడతాయి. ఆయుధం బరువు, పాత్ర స్వభావం, పోరులో ఉండే ప్రమాదం, అన్నీ ఈ మూడు భాగాల నిడివిలోనే తేలిపోతాయి. చివరి భాగం పొడుగైతే ప్రతి దెబ్బా పందెమే, వేశాక వెనక్కి తీసుకోలేం. పొట్టిదైతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అప్పుడు శత్రువుని మరింత చురుగ్గా తయారుచేయాలి. దెబ్బ తగిలిన క్షణంలో కొట్టినవాడూ తిన్నవాడూ కొన్ని ఫ్రేములపాటు గడ్డకట్టినట్టు ఆగిపోతారు. దీన్ని హిట్‌స్టాప్ అంటారు. కంటికి విడిగా ఆనదు, తీసేస్తే మాత్రం గాలిని నరికినట్టే ఉంటుంది. స్మాష్ బ్రదర్స్ సృష్టికర్త మసాహిరో సకురాయ్ ఆటల తయారీ గురించి చేసిన వీడియోల్లో దీని మీద ప్రత్యేకంగా పాఠమే చెప్పాడు. ఆయనంతటివాడు కూర్చుని పాఠం చెప్పే విషయానికి మన రివ్యూల్లో దక్కేది ఒకే ఒక్క మాట: "కాంబాట్ బాగుంది బ్రో."

ఈ కళ పెరిగిన తీరు చూసినా అదే తెలుస్తుంది. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ఒక దెబ్బ తేరుకోకముందే ఇంకో దెబ్బ అంటించే వీలు అనుకోకుండా దొర్లింది. తయారీదారులు దాన్ని గమనించి, ఎవరికీ అంత సులువుగా చిక్కదులే అని ఉంచేశారు. ఈనాటి కాంబోలన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. ఒనిముషా అనే ఆటను పరీక్షిస్తుండగా శత్రువుని గాలిలోనే నిలబెట్టి నరుకుతూ ఉండగలిగే లోపం ఒకటి బయటపడింది. హిదెకి కమియా దాన్ని లోపం అనుకోలేదు. దాని మీదే 2001లో డెవిల్ మే క్రై కట్టాడు. నిజానికి రెసిడెంట్ ఈవిల్ 4గా మొదలై, ఎంతకీ ఆ భయానక ఆటల ధోరణిలో ఇమడక పక్కకు తప్పుకున్న ప్రాజెక్టు అది. అంటే ఒక మొత్తం ఆటల జాతి పుట్టింది బొమ్మల అందం వల్లా కాదు, కథ వల్లా కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందు వల్ల.

బటన్లు బాదడమే కదా అనేవాళ్ళ కోసం అదే డెవిల్ మే క్రై. అందులో ఒకే దెబ్బను మళ్ళీ మళ్ళీ వాడితే ఆట మీ శైలికి ఇచ్చే గ్రేడు పెరగదు. రకరకాలుగా కొడితేనే పెరుగుతుంది. 2019లో వచ్చిన సెకిరో ఇంకా కఠినం. కత్తిని కత్తితో అడ్డుకునే బటన్‌ని కంగారుగా టపటపా నొక్కితే, సరిగ్గా అడ్డుకోవడానికి దొరికే వ్యవధినే ఆట కుదించేస్తుంది. బాదినందుకు శిక్ష అన్నమాట.

ఇక అసలు యుద్ధానికి వద్దాం. మన రివ్యూకారులు దేవుడి గదిలో పెట్టుకున్న ఆట 2018 నాటి గాడ్ ఆఫ్ వార్. కోరీ బార్లాగ్ దర్శకత్వంలో వచ్చింది. మొదలు నుంచి చివరి దాకా ఎక్కడా కట్ లేకుండా, ఒకే షాట్‌లా కెమెరా కథానాయకుడు క్రేటోస్ వెనకే నడుస్తుంది. తండ్రీ కొడుకుల కథ. బొమ్మల గురించి చెప్పనక్కర్లేదు. దీని గురించి ఏ రివ్యూ విన్నా ఆ ఒకే షాట్ గొప్పతనం, ఆ తండ్రి మౌనం, ఆ మంచు కొండలు.

వేళ్ళ వైపు నుంచి చూస్తే ఆ ఆటలో గొప్పది గొడ్డలి. లెవయథాన్ అనే ఆ గొడ్డలిని విసిరాక త్రికోణం బటన్ నొక్కితే వెనక్కి వస్తుంది. దూరంలో గుయ్యిమన్న శబ్దం, దారిలో ఎవడైనా అడ్డొస్తే వాడికి తగలడం, చివరికి అరచేతిలో ధబ్బున పడటం, కంట్రోలర్ అదరడం. రావడానికి పట్టే ఆ కాస్త సమయంలో చేతులు ఖాళీగా ఉంటాయి, పిడికిళ్ళతో పోరాడాలి. ఒక్క బటన్‌తో ఆయుధం, దూరం, ప్రమాదం మూడూ ఆటగాడి అదుపులోకొచ్చాయి. నన్నడిగితే ఆ ఆట చేసిన అత్యుత్తమ పని అదే, అందులో కథ వాటా సున్నా.

అదే ఆటలో పెద్ద లోపం ఎక్కడుందో తెలుసా? అందరూ నెత్తిన పెట్టుకున్న ఆ కెమెరాలోనే. 2005 నాటి మొదటి గాడ్ ఆఫ్ వార్‌లో కెమెరా దూరంగా నిలబడి రణరంగం మొత్తాన్ని చూపించేది, గొలుసు కత్తులతో చుట్టూ ఉన్న గుంపునంతా ఒకేసారి తిప్పికొట్టడానికి అది సరిపోయింది. 2018లో కెమెరాను భుజం మీదకు తెచ్చేసరికి వెనక నుంచి, పక్క నుంచి వచ్చేవాళ్ళు కనబడరు. తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. అందుకే క్రేటోస్ చుట్టూ బాణపు గుర్తులు పెట్టారు, శత్రువు మీద పడబోతుంటే అవి రంగు మారతాయి. అందుకే పక్కనున్న పిల్లాడు "నాన్నా, వెనక!" అన్నట్టుగా అరుస్తూ ఉంటాడు. కథ కోసం తీసుకున్న నిర్ణయానికి పోరు చెల్లించిన జరిమానా ఇది. పైగా రాతి స్తంభాలు మోసుకొచ్చే ట్రోల్స్‌ని బాస్‌లుగా మళ్ళీ మళ్ళీ దింపారు, రంగు మారుతుంది, పోరు పెద్దగా మారదు. 2022 నాటి రాగ్నరాక్‌లో బాస్‌ల రకాలు పెరగడం చూస్తే సొంత స్టూడియోకి కూడా ఆ విమర్శ చెవికెక్కినట్టే ఉంది. మన రివ్యూకారులకు మాత్రం ఇప్పటికీ ఎక్కలేదు.

మరి ఈ ఆట మంచిదా, చెడ్డదా? మంచిదే. కానీ ఎందుకు మంచిదో తప్పుగా చెప్తున్నారు, ఎక్కడ చెడిందో అసలే చెప్పడం లేదు.

శత్రువుల తీరు కూడా ఇలాగే ఎవరూ పట్టించుకోని అంశం. 2007 నాటి మొదటి అసాసిన్స్ క్రీడ్ విడుదలైనప్పుడు డమాస్కస్, జెరూసలేం వీధులు చూసి లోకమంతా నోరెళ్ళబెట్టింది. న్యాయమే, ఆ వీధులు అద్భుతం. కత్తియుద్ధం మొదలైతే మాత్రం కాపలావాళ్ళు చుట్టూ వలయంగా నిలబడి, మన పాత సినిమా ఫైట్లలో రౌడీల్లాగా ఒకడి తర్వాత ఒకడు మర్యాదగా వచ్చి తన్నులు తినిపోతారు. ఎదురుదెబ్బ బటన్ ఒక్కటి నేర్చుకుంటే చాలు, సైన్యం మొత్తం ఖాళీ. 2009లో బ్యాట్‌మన్ అర్ఖం అసైలం అదే వలయానికి లయ నేర్పింది: ఒకణ్ణి కొట్టి ఎదుటి మూలనున్న ఇంకొకడి మీదికి దూకేలా చేసి, దెబ్బల వరస తెగకుండా ఉంచడంలో ఆనందం పెట్టింది. అయితే ఎవడు కొట్టబోతున్నాడో వాడి తలపై గుర్తు మెరుస్తుంది. దాంతో మన కన్ను మనిషిని వదిలేసి గుర్తునే చూస్తుంది. సెకిరో ఇక్కడే ఒక మెట్టు పైకెక్కింది. ప్రమాదకరమైన దెబ్బ వస్తుంటే ఎర్రటి అక్షరం కనిపిస్తుంది నిజమే, కానీ పొడిచినా, కాళ్ళకింద కోసినా, చేతులతో ఒడిసిపట్టినా అదే అక్షరం. మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు. ఏది వస్తోందో తెలియాలంటే ఎదుటివాడి ఒళ్ళు చూడాల్సిందే, వాడి మోకాలు ఎటు వంగింది, కత్తి మొన ఎటు తిరిగింది అని. అషినా కోట పైన గెనిచిరోతో తలపడినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

ఇప్పుడు గంటల లెక్క. ఇది మన దేశంలో గట్టిగా నాటుకున్న వాదన, కొట్టిపారేయదగ్గది కాదు. పెద్ద ఆట ఒకటి కొత్తగా కొనాలంటే నాలుగైదు వేల రూపాయలు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడికి అది నెల ఖర్చు. ఎన్ని గంటలొస్తుందని అడగడంలో అతని తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకి రివ్యూకారుడు చెప్పే జవాబులోనే మోసం ఉంది. మ్యాప్ వైశాల్యాన్ని, గుర్తుల సంఖ్యని గంటలుగా లెక్కగట్టి "పైసా వసూల్" అంటాడు. 2020 నాటి అసాసిన్స్ క్రీడ్ వల్హాలా అలాంటి మ్యాప్. ఒక శిబిరం మీద దాడి చేయడం నేర్చుకున్నాక మిగతా శిబిరాల్లో కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. అదే సంస్థ 2023లో అసాసిన్స్ క్రీడ్ మిరాజ్‌ని కావాలనే చిన్నగా తీసిందంటే విషయం అర్థమవుతుంది. మరోపక్క డెవిల్ మే క్రై 5 కథ వారాంతంలో అయిపోతుంది. తర్వాతే అసలు ఆట మొదలవుతుంది, ఎందుకంటే డాంటే అనే పాత్ర చేతిలో ఉన్న ఆయుధాలని, పోరు మధ్యలో మార్చుకోగల శైలుల్ని కలిపి వాడటం మొదటిసారి ఆడినప్పుడు ఎవరికీ రాదు. అందుకే దానికి వేరే కష్టస్థాయిలు, వేరే శత్రువుల అమరికలు ఉన్నాయి. డబ్బుల లెక్క చూసుకునే కుర్రాడికి ఏది లాభమో ఎవరైనా నిజాయితీగా చెప్పాలి కదా.

2022 నాటి ఎల్డెన్ రింగ్‌ని ఈ విషయంలో ఎవరూ వేలెత్తి చూపరు. అంతటి ఆటలోనూ భూగర్భ సమాధుల్లో ఒకే బాస్‌ని పదేపదే, ఒక్కోసారి జంటగా తెచ్చి దింపారు. ఇంకో ఆట చేసి ఉంటే దుమ్మెత్తిపోసేవాళ్ళు.

ఎల్డెన్ రింగ్ పేరెత్తాక "కష్టం" గురించి మాట్లాడక తప్పదు. గ్రాఫిక్స్ భక్తులకి ఎదురుగా మరో గుంపు తయారైంది. ఎంత కష్టమైతే అంత గొప్ప ఆట అనేది వాళ్ళ కొలబద్ద. ఎవరైనా ఒక బాస్ అన్యాయంగా ఉందంటే చాలు, "నీకు రాదు, అదీ సంగతి" అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఉంది, చాలాసార్లు నిజం కూడా. కానీ కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు. అది తేల్చడమే విమర్శకుడి పని.

మన ఊళ్ళ వీడియో గేమ్ షాపుల్లో 'ముస్తఫా గేమ్' ఆడినవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అది ఒక అమెరికన్ కామిక్స్ ఆధారంగా వచ్చిందని అప్పట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు. నాలుగు పాత్రల్లో ముస్తఫా కోసమే ఎందుకు కొట్టుకునేవాళ్ళు? వాడు వేగంగా కదులుతాడు, పరుగెత్తుతూ వచ్చి తన్నే తన్ను చేతికి హాయిగా ఉంటుంది. ఏ రివ్యూ చదవని పిల్లలు వేళ్ళతోనే తీర్పు చెప్పారు, ఆ తీర్పు సరైనదే.

అదే ఆటలో కష్టం సంగతి వేరు. కొన్ని బాస్‌లు దగ్గరకెళ్ళిన ప్రతిసారీ తప్పించుకోలేని దెబ్బ వేస్తాయి, చుట్టూ గుంపు మూసేస్తుంది. అది నైపుణ్యానికి పరీక్ష కాదు, ఇంకో నాణెం వేయించే ఉపాయం. యంత్రం బతకాలంటే ఆటగాడు చావాలి. తర్వాత ఇదే ఆటని కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ మీద ఆడుతూ 5 నొక్కితే నాణెం పడుతుందని తెలిశాక, ఎంత చచ్చినా ఫరవాలేకుండా పోయింది, ఆ కష్టం గాలి తీసిన బెలూన్‌లా చప్పబడిపోయింది.

కాబట్టి కష్టం ఎంత అని కాదు, చచ్చాక ఎందుకు చచ్చామో తెలిసిందా అని అడగాలి. సెకిరోలో చాలావరకు తెలుస్తుంది: ముందే నొక్కాను, ఆలస్యంగా నొక్కాను, పొడవడాన్ని కోతగా చదివాను. అక్కడ కూడా పెద్ద బాస్ గోడకి తరిమినప్పుడు కెమెరా గోడలోకి దూరి, శత్రువు మీద పెట్టిన లాక్ తప్పిపోయి చచ్చామంటే అది ఆటగాడి తప్పు కాదు, ఆట తప్పు. ఎల్డెన్ రింగ్‌లో మలేనియా అనే బాస్ వేసే నీటికోడి నాట్యం అనే దెబ్బల వరస దగ్గర నిలబడ్డవాడికి మొదటిసారి చూడగానే తప్పించుకునే దారి దాదాపు ఉండదు. పైగా ఆమె కత్తి మనకి తగిలిన ప్రతిసారీ ఆమె ప్రాణం పెరుగుతుంది. ఆ పోరును ప్రేమించేవాళ్ళున్నారు, ప్రేమించనివ్వండి. కానీ దాన్ని మచ్చలేని రూపకల్పన అనడం మాత్రం విమర్శ కాదు, భజన.

ఇంకో రకం సమర్థన కూడా ఉంది, దాన్ని తొందరగా తేల్చేద్దాం. 2003లో షాన్ గ్రీన్, డాఫ్నే బవెల్యే నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. యాక్షన్ గేములాడేవాళ్ళలో చూపుతో పలు వస్తువుల మీద ధ్యాస నిలిపే శక్తి మెరుగ్గా ఉందని. అది చదివి "చూశారా, ఆటల వల్ల మెదడు చురుకవుతుంది" అని అమ్మానాన్నల ముందు పెట్టేవాళ్ళున్నారు. మంచి పరిశోధనే. కానీ నవలని ఎవరైనా కంటిచూపు బాగుపడుతుందని మెచ్చుకుంటారా? మందుగా పనికొస్తుందని నిరూపిస్తేనే నిలబడే కళ అయితే అది కళే కాదు.

మరి కథ వద్దా, అందం వద్దా అని అడుగుతారు. ఎందుకు వద్దు? అవి వేళ్ళలోకి దిగితే అంతకంటే ఏం కావాలి? ఫుమితో ఉయెదా 2005లో చేసిన షాడో ఆఫ్ ద కొలోసస్ చూడండి. చిన్నా చితకా శత్రువులే లేరు, ఉన్నవి 16 మహాకాయాలు. ఒక్కోదాని మీదికెక్కి, జుత్తు పట్టుకుని వేలాడాలి. పట్టు వదలకుండా ఉండటానికి బటన్‌ని అలాగే నొక్కి పట్టుకోవాలి, పట్టు శక్తి కళ్ళముందే తరిగిపోతుంటుంది, ఆ జీవి విదిలిస్తుంటుంది. మీ వేలు నిజంగా నొప్పెడుతుంది. కత్తి ఎత్తి బలం కూడగట్టి పొడిస్తే అది కూలుతుంది, అప్పుడు గెలిచామన్న సంబరం రాదు. ఆ అపరాధభావాన్ని ఏ కట్‌సీనూ ఇవ్వలేదు, మీ వేలే ఇచ్చింది. అది కథ కాదా?

చివరగా మనింటి సంగతి. 2020లో పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 'రాజీ' అనే ఆటను తెచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ రాక్షసుల మీదికి వెళ్ళే ఒక అమ్మాయి కథ. రాజస్థాన్ కోటల్ని తలపించే కట్టడాలు, పహాడీ చిత్రాల ఛాయ, మన తోలుబొమ్మలాటను గుర్తుచేసే నీడబొమ్మల కథనం, దుర్గ, విష్ణువుల వ్యాఖ్యానం. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో తొలి ప్రయత్నాల విభాగంలో పోటీకి నిలిచింది. మన దేశంలో వచ్చిన సమీక్షలు చాలావరకు గర్వంతో తడిసి ముద్దయ్యాయి. గర్వపడాల్సిందే, ఆ బొమ్మలు అంత బాగున్నాయి.

కానీ త్రిశూలం విసిరితే బరువుండదు. దెబ్బ తిన్న రాక్షసుడి ఒంట్లో ఆ దెబ్బ కనబడదు. తప్పుకోబోతే అమ్మాయి ఒక్కోసారి ఆలస్యంగా కదులుతుంది, దూరపు కెమెరాలో గెంతు ఎక్కడ పడుతుందో అంచనా చిక్కదు. ఒక చిన్న బృందం, తొలి ఆట, ఇవి క్షమించదగ్గ లోపాలే. క్షమించడం వేరు, చూడనట్టు నటించడం వేరు. బొమ్మలు బాగున్నాయని చప్పట్లు కొట్టి ఊరుకుంటే, తర్వాతి ఆట చేసేవాడు డబ్బంతా మళ్ళీ బొమ్మల మీదే పెడతాడు. త్రిశూలం అలాగే తేలిగ్గా ఉండిపోతుంది.

తెలుగులో ఆటల గురించి రాసేవాళ్ళకీ, వీడియోలు చేసేవాళ్ళకీ నా విన్నపం ఒక్కటే. ఈసారి రివ్యూలో కథ సారాంశాన్ని రెండు వాక్యాల్లో ముగించండి. మిగతా సమయంలో దెబ్బ ఎలా తగులుతుందో చెప్పండి, శత్రువు ఏం చేస్తాడో చెప్పండి, కెమెరా ఎక్కడ మోసం చేసిందో చెప్పండి, మీరు చచ్చింది మీ తప్పు వల్లో ఆట తప్పు వల్లో తేల్చి చెప్పండి. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో ట్రైలర్‌లో మేం చూసుకుంటాం.